గ్లాసు పొంగని సాయంత్రం

అబద్ధమాడి దాన్ని ఏళ్ళ తరబడి మోసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఒక నిజం చెప్పి మోస్తున్నాను. ఎక్కడ చెప్పానో, ఎవరి నోరు మూయించడానికి చెప్పానో తెలిశాక అది ఏ అబద్ధానికీ తీసిపోదని మీరే అంటారు. అనండి. నాకేం అభ్యంతరం లేదు. ఇన్నేళ్ళుగా నన్ను నేను అనుకుంటున్న మాటే అది.

పేరు చెప్పను. చెబితే రేపు తెనాలిలో నలుగురు ఇంటికొచ్చి, తప్పు ఒప్పుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలండీ అంటారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపాలి. ఆ పెద్ద మనసు బిరుదు నాకొద్దు. నేను రిటైరైన సైన్సు టీచర్ని. లూథరన్ ఇంట్లో పుట్టి, పాతికేళ్ళు నిండకుండానే గుడికి వెళ్ళడం మానేసినదాన్ని. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు విచారించనూ లేదు. నా గురించి ఇంతకంటే తెలియనక్కర్లేదు. జాలిపడే అలవాటుంటే మీరు ఇక్కడే ఆపేయండి. ఆ అలవాటు లేనివారి కోసమే ఇది రాస్తున్నాను.

మా నాన్న రేపల్లె దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. వారమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, ఆదివారం గుడిలో ప్రసంగం చెప్పేవాడు. మంచివాడు. కానీ ఆయనకు లోకాంతం అంటే మహా ఇష్టం. నీళ్ళు ఎలా లేస్తాయో, పాపులు ఎలా కేకలు పెడతారో, చెయ్యి పైకెత్తి, మునివేళ్ళ మీద లేచి చెప్పేవాడు. చిన్నప్పుడు సముద్రం వైపు నుంచి మబ్బు పట్టిందంటే నేను మంచం కింద దూరేదాన్ని. ఎవరు పిలిచినా వచ్చేదాన్ని కాదు. ఆ భయంలోంచి నన్ను బయటికి లాగింది బడిలో సైన్సు పాఠం. మబ్బు ఎందుకు పడుతుందో, గాలి ఎందుకు వీస్తుందో తెలిసిన రోజున నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇన్నాళ్ళూ నన్ను ఉత్తినే ఏడిపించారా అనిపించింది. ఆ కోపంతోనే చదువుకున్నాను, ఆ కోపంతోనే బతికాను. దాన్ని ఇప్పటికీ వదులుకోలేదు.

టీచర్నయ్యాక ఆ కోపానికి పని దొరికింది. మొదట రేపల్లెలో ఉద్యోగం, తరవాత తెనాలి. ఎనభైల్లో తెనాలిలో మాకు ఒక సైన్సు సంఘం ఉండేది. మైకు, బల్ల, నాలుగు సీసాలు పట్టుకుని ఊళ్ళకు వెళ్ళేవాళ్ళం. బాబాలు నోట్లో కర్పూరం ఎలా వెలిగిస్తారో చూపించేదాన్ని. కొబ్బరికాయలోంచి మంట ఎలా తెప్పిస్తారో చూపించేదాన్ని. గ్రహణం నాడు కడుపుతో ఉన్నవాళ్ళు బయటికి రాకూడదంటే, నెలలు నిండిన మా తోటి టీచరును పక్కన కూర్చోబెట్టుకుని బజారు మధ్యలో ఇడ్లీ తిన్నాను. ఆవిడకు పండంటి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను కూడా ఒక సభకు తీసుకెళ్ళి చూపించాను.

మా ప్రాంతంలో ఇది వేళాకోళం పని కాదు. డెబ్భైల్లో వచ్చిన ఉప్పెన అందరికీ గుర్తుంది. ఫలానా అమావాస్యకు సముద్రం తెనాలి దాకా వస్తుందట అని ఒక్క పుకారు లేస్తే చాలు, జనం మూటలు కట్టుకునేవారు. పొయ్యిలు వెలిగేవి కావు. రేపల్లె వైపు నుంచి వచ్చే బస్సులు కిక్కిరిసిపోయేవి. నేను ఆటో ఎక్కి మైకులో అరుచుకుంటూ తిరిగేదాన్ని, ఏ సముద్రమూ రాదు, వెళ్ళి అన్నం వండుకోండి అని. మర్నాడు సముద్రం వచ్చేది కాదు. జనం నన్ను చూసే చూపు మారిపోయేది. టీచరమ్మగారు చెప్పిందంటే అంతేనండీ అనేవారు. ఏం జరిగిందో గమనించారా? ఎవర్నీ గుడ్డిగా నమ్మొద్దని చెప్పీ చెప్పీ, నన్ను గుడ్డిగా నమ్మేట్టు చేసుకున్నాను. అప్పట్లో అది నాకు తప్పుగా తోచలేదు. చాలా హాయిగా ఉండేది.

తొంభైలు వచ్చేసరికి పేపర్లలో కొత్త చర్చ మొదలైంది. పొగ వల్ల భూమి వేడెక్కుతోందని, మంచు కరుగుతుందని, సముద్రమట్టం పెరుగుతుందని ఒక వ్యాసం. దాని పక్కనే ఇంకొకటి, అదంతా గోరంతను కొండంత చేయడమేనని, భూమి ఎప్పుడూ వేడెక్కుతూ చల్లబడుతూ ఉండేదేనని. రెంటినీ ఒకే కొలతలో, ఒకే సైజు ఫొటోలతో వేసేవారు. ఇద్దరు కుస్తీవాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టినట్టు ఉండేది. నేను రెండూ చదివాను. లైబ్రరీలో ఇంగ్లీషు పత్రికలు కూడా తిరగేశాను. నిజం ఎటుందో నాకప్పుడు తెలియలేదని రాసుకుంటే ఇప్పుడు ఎంత సుఖంగా ఉండేది! తెలిసింది. కూర్చుని కొలతలు తీసి లెక్కలు కట్టినవాళ్ళలో చాలామంది ఒకవైపే ఉన్నారు. రెండోవైపు గొంతు పెద్దది, మనుషులు తక్కువ. కానీ నాకు ఆ రెండోవైపే నచ్చింది. నచ్చినది వేరు, నిజమైనది వేరు అని ఊరూరా తిరిగి చెప్పిన మనిషినే నేను.

ఎందుకు నచ్చింది? సముద్రం లేస్తుంది అని చదవగానే నాకు అక్షరాలు కనిపించలేదు. మా నాన్న మునివేళ్ళ మీద లేవడం కనిపించింది. పాత ప్రళయమే ఈసారి చేతిలో థర్మామీటరు పట్టుకుని వచ్చింది అనుకున్నాను. సభల్లో ఆ మాట అనేదాన్ని కూడా. జనం విరగబడి నవ్వేవారు. అంత నవ్వు తెప్పించే మాటను తిరిగి పరీక్షించుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? నాకు అనిపించలేదు.

ఇక అతని సంగతి. అసలు పేరు వేరు, ఇక్కడ కృపాదానం అనుకుందాం. రేపల్లె దగ్గర నగరం అనే ఊరుంది, అది దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక పల్లె వాళ్ళది. నేను రేపల్లెలో పనిచేసే రోజుల్లో ఎనిమిదో తరగతిలో నా శిష్యుడు. తరవాత వ్యవసాయం చదువుకుని బాపట్లలో లెక్చరరయ్యాడు. నేలల గురించి, నేలలో చేరే ఉప్పు గురించి పాఠాలు చెప్పేవాడు. సెలవు దొరికితే సైకిలు మీద తీరం ఊళ్ళన్నీ తిరిగేవాడు. అప్పటికే మా వైపు రొయ్యల చెరువుల పిచ్చి పట్టుకుంది. పచ్చటి పొలాలు తవ్వి ఉప్పునీళ్ళు పెడుతున్నారు. కృపాదానం వాళ్ళ ఊరికీ సముద్రపు పాయకీ మధ్య ఊరుమ్మడి పర్ర ఒకటి ఉండేది. పోటు నీళ్ళు వచ్చిపోయే బురద నేల అది, దాని నిండా మడ చెట్లు. రొయ్యల చెరువులకు దాన్ని లీజుకిమ్మని బయటివాళ్ళు వచ్చి అడుగుతున్నారు. ఊరి పెద్దలు అటూ ఇటూ ఊగుతున్నారు. ఇవ్వొద్దని గట్టిగా అంటున్నది కృపాదానం ఒక్కడే. ముందు ముందు సముద్రం ఇంకా పైకి వస్తుంది, మనకు అడ్డుగా ఉండేవి ఆ చెట్లేనని అతని వాదం.

మా సంఘం దాని మీద చర్చ పెట్టింది. సముద్రం ఊళ్ళ మీదికి వస్తుందా, రాదా? వస్తుందనే పక్షాన కృపాదానం. రాదనే పక్షాన నేను. తెనాలి గోడల మీద పోస్టర్లు పడ్డాయి. ఆ ఊరి పెద్దలు చర్చ విన్నాకే పర్ర సంగతి తేలుస్తామన్నారు.

చర్చకు కొద్ది రోజుల ముందు రేపల్లె పాసింజర్లో అతను కలిశాడు. నేను మా చెల్లెల్ని చూసి తెనాలికి తిరిగి వస్తున్నాను. పెట్టె నిండా చేపల గంపలు. నా ఎదుటి బల్ల చివర కూడా ఒక గంప పెట్టారు, చేపల మీద పగలగొట్టిన ఐసు, పైన తడి గోనె. కృపాదానం నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పెళ్ళయి, లెక్చరరయి కూడా నన్ను చూస్తే చేతులు కట్టుకునేవాడు. కూర్చోమన్నాక కూర్చున్నాడు.

"ఏరా, నన్ను ఓడించడానికి బాగా తయారవుతున్నావా?" అన్నాను.

"మిమ్మల్ని ఓడించడమేంటండీ టీచరుగారూ," అని నవ్వాడు. "ఒక్కటి అడుగుతానండి. ఏమీ అనుకోరుగా?"

"అడుగు."

"మీరెంత గట్టిగా వాదించినా పర్లేదండి. నన్ను నలుగుర్లో తిట్టినా పర్లేదు. ఆ ఐసు గ్లాసు మాత్రం చూపించకండి."

అర్థం కానట్టు ముఖం పెట్టాను. నాకు అర్థమైంది. ఎనిమిదో తరగతికి నేను చేసి చూపించే ప్రయోగం అది. గ్లాసులో ఐసుముక్క వేసి అంచు దాకా నీళ్ళు పోస్తాను. ముక్క పైకి పొడుచుకొచ్చి తేలుతూ ఉంటుంది. అది కరిగితే నీళ్ళు పొంగి కిందపడతాయనే అందరూ అనుకుంటారు. చుక్క కూడా పొంగదు. తేలే ఐసు తన బరువుకు సరిపడా నీటిని ముందే పక్కకు నెట్టేసి ఉంటుంది, కరిగాక సరిగ్గా ఆ చోటే నింపుతుంది.

"అది నిజమే కదరా," అన్నాను.

"నిజమేనండి. తేలే ఐసుకి నిజం. కానీ ఆ రోజు క్లాసులో మీరే అన్నారు కదండీ, ఇది నీళ్ళలో తేలే మంచుకేరా, నేల మీద పేరుకున్న మంచు కరిగితే లెక్క వేరు అని. నాకింకా గుర్తుంది." ఎదుటి బల్ల మీది గంప వైపు చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ ఐసు నీళ్ళలో లేదు. గంపలో ఉంది. కరిగిందంతా ఎక్కడికొచ్చిందో చూడండి."

చూశాను. గంప అడుగు నుంచి నీళ్ళు బల్ల మీదుగా కారి, నా చెప్పుల కిందికి వచ్చి ఉన్నాయి. కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

"లోకంలో మంచు చాలావరకు అలా నేల మీద కూర్చున్నదేనండి. మీకు నేను చెప్పాలా? కానీ మా ఊళ్ళోవాళ్ళకు నేను గంట చెప్పినా ఎక్కదు. కంటితో చూసింది పట్టేసుకుంటారు. అందులోనూ మీరు చూపిస్తే ఇంకేమన్నా ఉందా? మా నాంచారయ్య బాబాయైతే టీచరమ్మగారు ఏదంటే అదేనంటున్నాడు. ఆయన మాట మీదే ఊరు నడుస్తది. పర్ర ఇచ్చేస్తే మడ చెట్లు కొట్టేస్తారండి. మళ్ళీ రావవి."

"సరేలేరా, చూపించను," అన్నాను.

"మాటేనా అండీ?"

"మాటే."

అతని ముఖం ఎంత తేలికపడిందో ఇప్పటికీ కనిపిస్తుంది. తెనాలిలో నా సంచి అతనే మోసుకొచ్చి రిక్షాలో పెట్టాడు.

చర్చకు ముందు రోజు నేను మార్కెట్లో వంకాయలు ఏరుకుంటున్నాను. పక్క మైదానంలో సువార్త సభలు. ఎవరో బయటి ఊరి ప్రసంగీకుడు మైకులో అరుస్తున్నాడు, సముద్రం లేస్తుందని బాపట్ల శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు, ఇంకా అనుమానమా, మోకరించండి అని. కృపాదానం మాట అతని నోట్లోకి వెళ్ళి అలా బయటికొచ్చింది. పందిట్లో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఒక తల్లి నాలుగేళ్ళ పిల్లను బలవంతంగా మోకాళ్ళ మీద కూర్చోబెడుతోంది, ఆ పిల్ల బెదిరిపోయి చుట్టూ చూస్తోంది. నా ఒళ్ళు మండిపోయింది. వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. రేపు నేను గ్లాసు తీయకపోతే, ఎల్లుండి ఈ మనిషి సైన్సు టీచరే ఓడిపోయిందని నా పేరు కూడా మైకులో చదువుతాడు అనుకున్నాను. ఆ పిల్లను మంచం కింద దూరకుండా చూడాలంటే రేపు నేను గెలిచి తీరాలి అనుకున్నాను.

ఈ సాకు ఎంత ముచ్చటగా ఉందో చూడండి. చాలా ఏళ్ళు దీన్నే చుట్టుకుని పడుకున్నాను. ఒక పిల్లను భయం నుంచి కాపాడటానికి చేశానట! నిజంగా అందుకేనా? ఆ ప్రసంగీకుడి గొంతు వినకపోతే నేను మాట నిలబెట్టుకునేదాన్నా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు వస్తోంది. లేదు. అప్పటిదాకా ఒక్క సభలో కూడా ఓడిపోలేదు నేను. నా శిష్యుడి చేతిలో, నా ఊళ్ళో, నా సంఘం పెట్టిన సభలో ఓడిపోవడం నాకు ఇష్టం లేదు. ఆ ప్రసంగీకుడు లేకపోతే ఇంకో వంక వెతుక్కునేదాన్ని.

మర్నాడు సాయంత్రం సభ. ఒక స్కూలు హాల్లో. ఆ ఊరి పెద్దలు బస్సులో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మధ్యలో నాంచారయ్య, పడవల వాళ్ళకు పెద్ద, తెల్లపంచె, భుజం మీద కండువా. కృపాదానం ముందు మాట్లాడాడు. గీతలు గీసిన చార్టులు తెచ్చుకున్నాడు. నేల మీది మంచు గురించి కూడా చెప్పాడు, కానీ అంకెల మధ్యలో చెప్పాడు, వెనక వరసలు అప్పటికే కబుర్లలో పడ్డాయి. చివర్లో అతను నిజాయితీగా ఒక మాట అన్నాడు. సముద్రం ఎంత పెరుగుతుందో, ఏ ఏటికి పెరుగుతుందో ఖచ్చితంగా చెప్పలేం, పెరుగుతుందని మాత్రం చెప్పగలం అన్నాడు. నేను లేచీ లేవగానే ఆ మాట పట్టుకున్నాను. ఎంతో తెలియదట, ఎప్పుడో తెలియదట, వస్తుందని మాత్రం తెలుసట, ఇలాంటి జోస్యాలు మన రైలు స్టేషను ముందు చిలక కూడా చెబుతుంది అన్నాను. హాలు నవ్వుతో దద్దరిల్లింది. తెలియనిది తెలియదని చెప్పడమే సైన్సని క్లాసులో చెప్పింది నేనే. ఆ పాఠం బాగా నేర్చుకున్నందుకు అతన్ని నవ్వులపాలు చేశాను.

ముగింపు మాట కూడా నాదే. ఇద్దరిలో పెద్దదాన్ని కాబట్టి అధ్యక్షుడు కాదనలేదు. మా సభల్లో ముగింపు మాట తరవాత ఎవరూ నోరు విప్పకూడదు, విప్పితే అధ్యక్షుడు గంట కొడతాడు. ఆ నియమం కూడా నేను పెట్టిందే.

ముగింపుకు లేచినప్పుడు సంచిలోంచి గ్లాసు తీశాను. సోడా కొట్టు నుంచి తెప్పించిన ఐసు వేశాను. నీళ్ళు అంచు దాకా పోశాను. కృపాదానం ముఖం వైపు చూడలేదు. ఎండాకాలం కదా, నేను మాట్లాడుతుండగానే ముక్క కరిగిపోయింది. ఉక్కకు గ్లాసు బయట చెమట పడుతుంది, అది చూసి పొంగిందనుకుంటారు. అందుకని మధ్యమధ్యలో తువ్వాలుతో తుడుస్తూ, ఇది గాలిలో తడే సుమండీ అని చెబుతూ వచ్చాను. అన్ని జాగ్రత్తలూ తెలిసినదాన్ని. చివరికి నాంచారయ్యను వేదిక మీదికి పిలిచాను. అంచు చుట్టూ వేలు పెట్టి చూడమన్నాను. ఆయన మొరటు వేలు మెల్లగా తిప్పి, "పొంగలేదండి," అన్నాడు.

"మంచు కరిగితే నీళ్ళు పెరుగుతాయన్నారు. మీ కళ్ళ ముందే కరిగింది. పెరిగాయా?" అన్నాను. నేను అన్నది అంతే. అందులో ఒక్క అబద్ధం లేదు. కావాలంటే వెతుక్కోండి.

చప్పట్లు. కృపాదానం లేచి నిలబడి చెయ్యెత్తాడు, ఎనిమిదో తరగతిలో ఎత్తినట్టే. గంట మోగింది. చెయ్యి దించి కూర్చున్నాడు. గంటను లెక్కచేయకుండా అరవొచ్చు. రైల్లో ఈవిడ నాకు మాటిచ్చింది అని అందరి ముందూ అనొచ్చు. అనలేదు. జనం వెళ్ళిపోయాక చార్టులు చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "వస్తానండీ టీచరుగారూ," అని వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వెళ్ళి కడుపునిండా భోంచేశాను. అది కూడా చెప్పి తీరాలి.

ఆ వారమే పర్ర లీజుకిచ్చారు. మడ చెట్లు కొట్టేశారు. మొదట్లో ఊరు కళకళలాడింది. ఇంటింటికీ టీవీ వచ్చింది, కుర్రాళ్ళు బళ్ళు కొన్నారు. నేనే గెలిచానని నాకు ఇంకా గట్టిగా అనిపించింది. తరవాత రొయ్యలకు తెగులు పట్టింది. లీజుదార్లు చెరువులు వదిలేసి పోయారు. ఒక గాలివానకు పోటు నీళ్ళు, చెట్లు ఉన్న రోజుల్లో ఎన్నడూ రానంత లోపలికి వచ్చి పొలాల్లో నిలిచాయి. మంచినీళ్ళ చెరువు ఉప్పగా అయిపోయింది. కొన్ని కుటుంబాలు తెనాలి వచ్చి బస్తాలు మోసే ముఠా పనుల్లో చేరాయి.

ఈ మధ్య ఒక పెళ్ళికి నగరం వెళ్ళాను. నాంచారయ్య నన్ను గుర్తుపట్టి, వద్దంటున్నా వినకుండా ఆటోలో వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు. కోడలు టీ ఇచ్చింది. ఒక గుక్క తాగేసరికి నా ముఖం చూసి ఆ అమ్మాయి సిగ్గుపడిపోయింది. "ఏమీ అనుకోకండమ్మా, క్యాన్లతో తెచ్చుకున్న నీళ్ళు అయిపోయినియ్యి, ఇవి మన చెరువుయ్యే," అంది. నాంచారయ్య మాత్రం నిశ్చింతగా, "సముద్రం రాలేదు గదమ్మా, మీరన్నట్టే. ఈ రొయ్యలోళ్ళే ముంచారు మమ్మల్ని," అన్నాడు. ఆయనకు నా మీద ఇప్పటికీ అదే గౌరవం. ఆ క్షణంలో చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఉప్పు టీ మొత్తం తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాను. ఇప్పటిదాకా నేను చెప్పిన తప్పు కన్నా ఇదే పెద్దదేమో.

సందేహించేవారికి ఒక మాట. ఆ ఊరిని చెడగొట్టింది పెరిగిన సముద్రమని నేను అనడం లేదు. అది చెరువుల ఉప్పు, గాలివాన పోటు. ఒక గాలివానను పట్టుకుని ఇదిగో భూమి వేడెక్కింది అనడం కూడా సైన్సు కాదు. కానీ కృపాదానం అడిగింది ఆ చెట్లను ఉంచమని. సముద్రం ముందు ముందు పెరిగినా, పెరగకపోయినా, ఆ చెట్లు ఆ గాలివాన నాటికి ఉండాల్సినవి. నా గ్లాసు వాటిని కొట్టించింది.

కృపాదానం ఆ తరవాత సైకిలేసుకుని ఏ తీరం ఊరికీ వెళ్ళలేదు. బాపట్లలో విద్యార్థులు కొన్నాళ్ళు అతని బల్ల మీద ఐసు వేసిన గ్లాసు పెట్టి నవ్వేవారట. ఐసు మాస్టారు అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు పాఠం చెప్పుకుని ఇంటికి వెళతాడు. క్రిస్మస్‌కు మాత్రం నాకు ప్రతి ఏడాదీ కేకు పంపిస్తాడు. తింటాను. పారేయడానికి చేతులు రావు.

అతని దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడగమని మీరనవచ్చు. బాపట్ల ఎంత దూరమని? వెళ్ళను. వెళితే అతను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పర్లేదండీ టీచరుగారూ అంటాడు. నాకు తెలుసు, అంటాడు. ఆ మాట అతని నోటి నుంచి లాక్కునే హక్కు నాకు లేదు. మా నాన్న గుడిలోలా మోకరించి, లేచి, తేలికైపోయి ఇంటికి రావడం నాకు చేతకాదు. ఇది ముద్రించిన కాగితం మాత్రం ఒకటి అతనికి పంపిస్తాను. చదవడం, చించేయడం అతనిష్టం.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మా సంఘం కార్యదర్శి మొన్న ఇంటికొచ్చాడు. భూమి వేడెక్కుతోందని పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా అతను స్కూళ్ళకు వెళ్ళి నా గ్లాసు ప్రయోగం చేసి చూపిస్తున్నాడట, నా పేరు చెప్పి. బాపట్లలో టీచర్ల సభ ఉంది, ఈసారి మీరే స్వయంగా చేయాలి మేడమ్ అన్నాడు. నేను అతనికి అంతా చెప్పాను, రైలు, గంప, మాట, గంట. అతను ఓపిగ్గా విని నన్ను ఓదార్చబోయాడు. "ఆ రోజుల్లో ఇదంతా ఎవరికి తెలుసండీ మేడమ్? వదిలేయండి," అన్నాడు. ఇంట్లోంచి వెళ్ళిపొమ్మని అరిచాను. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పోయాడు పాపం. ఆ ప్రయోగం ఇంకోసారి నా పేరు మీద చేస్తే తెనాలి బజారులో నిలబడి నీ పేరు చెప్పి అరుస్తానని గుమ్మంలోంచి కేకేశాను. అరుస్తాను కూడా.

రాశాను. గుండెల మీద బరువు కొంచెం తగ్గింది, తగ్గినందుకు సిగ్గుపడను. నన్ను పొగరుబోతు అనండి, మాట తప్పినది అనండి, పంతులమ్మ బుద్ధి అనండి, అన్నీ పడతాను. ఆ రోజుల్లో ఎవరికి తెలుసులే అని మాత్రం అనకండి. నాకు తెలుసు. తెలిసే, చూపించనని మాటిచ్చి, చూపించాను.